నూటికి నూరు నీళ్లు

మా కాగితం మిల్లులో నీళ్లు చాలా బాగుంటాయి. చుట్టుపక్కల ఎవర్నడిగినా చెప్తారు. కాగితం గురించి మాత్రం అడక్కండి, పాపం వాళ్లు ఇబ్బంది పడతారు.

అసలు కాగితమంటే మొదట నీళ్లే. హెడ్‌బాక్స్ అనే పెట్టెలోంచి వైరు మీద పడే పులుసులో తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లు. మిగతా ఆ ఒక్క పాలూ వెదురు గుజ్జు, కాగితం తెల్లగా కనబడ్డానికి కలిపే సుద్దపొడి. వైరంటే ఆగకుండా పరిగెత్తే సన్నటి జల్లెడ పట్టా. నీళ్లు కిందికి కారిపోతాయి, గుజ్జు పైన పొరలా ఉండిపోతుంది, అదే కాగితం. వచ్చిన చిక్కల్లా సుద్దపొడితో, గుజ్జులోని నలుసులతో. అవి జల్లెడ కన్నాలకంటే చిన్నవి. నీళ్లతోపాటు అవీ కిందికి దూరిపోతాయి. పైనుంచి పడినదాంట్లో ఎంత భాగం వైరు మీద నిలిచిందో ఆ లెక్కని రిటెన్షన్ అంటారు.

నేను కెమికల్ ఇంజినీరింగ్ చదివి ఇక్కడ ప్రాసెస్ ఇంజినీరుగా చేరేసరికి మా రెండో నంబరు మిషన్ రిటెన్షన్ నూటికి అరవై. నేను బెంటొనైట్ అనే మట్టి తెప్పించాను. బోరు తవ్వేటప్పుడు గోడలు కూలకుండా పోసే మట్టి ఇదే. నీళ్లలో వేస్తే ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోతుంది. గుజ్జులో ముందు జిగురులాంటి పాలిమర్ వేసి, చివర్లో ఈ మట్టినీళ్లు కలిపితే, చెల్లాచెదురుగా తిరిగే నలుసులన్నీ చిన్నచిన్న గుంపులుగా చేరి గుజ్జుని పట్టుకుని పైనే ఉండిపోతాయి. ఒక మట్టి జారిపోకుండా ఇంకో మట్టి కాపలా అన్నమాట. చిటికెడు చాలు. చిటికెడే వెయ్యాలి.

రిటెన్షన్ ఎనభై రెండుకి వచ్చింది. మా ఫోర్‌మన్ గెద్దాడ నూకరాజుగారు తయారైన కాగితం చుట్టుకునే రీలు మీంచి ఒక ముక్క చింపి, చెవి దగ్గర పెట్టుకుని టపటపలాడించారు.

"ఇనండి ఇందూగారూ. కొత్త పంచి మడత ఇప్పినట్టు లేదండీ సప్పుడు?"

"ఉందండి."

"ఇంక దీన్ని ముట్టుకోకండి. దిష్టి తగుల్తాది."

నేను ముట్టుకోలేదు. ముట్టుకున్నది హెడ్డాఫీసు.

ఏదో సదస్సులో మా మిల్లుని నడిపే కార్పొరేషన్ చైర్మన్‌గారు స్క్రీను మీద ఒక గ్రాఫు చూశారట. అందులో గీత పైకి వెళ్తోందట. ఆయనకి పైకి వెళ్లే గీతలంటే ఇష్టం. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "ప్రస్తుత సంవత్సరమును సంపూర్ణ నిలుపుదల సంవత్సరముగా ప్రకటించడమైనది. నూటికి నూరు శాతం రిటెన్షన్ సాధించని యంత్రములను మార్చి నెలాఖరుకు శాశ్వతముగా నిలిపివేయుట జరుగును."

నిలిపివేయుట అంటే మా రెండో నంబరు మిషన్‌ని తుక్కుకింద అమ్మేసి, దానిమీద బతికే మా వాళ్లందరికీ ఒక్కో శాలువా కప్పి ఇంటికి పంపెయ్యడం. పైగా రాష్ట్రంలో బడిపిల్లల పుస్తకాలకి కాగితం వెళ్లేది ఆ మిషన్ నుంచే.

జనరల్ మేనేజర్ పరబ్రహ్మంగారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయనది మెత్తటి మనసు, గట్టి గొంతు.

"ఎనభై రెండంటే ఏమిటమ్మా ఇందుమతీ? సంస్థ ఆస్తిలో పద్దెనిమిది శాతం మనందరం చూస్తుండగా కన్నాల్లోంచి వెళ్లిపోతోందన్నమాట!"

"ఎక్కడికీ పోవట్లేదు సార్. ఆ కిందికి కారిన నీళ్లని పంపుతో మళ్లీ గుజ్జులోకే పంపిస్తాం. అందులో ఉన్నదంతా తిరిగొస్తుంది. అలా తిరుగుతూనే ఉంటుంది."

"తిరుగుతూ ఉంటుందా?"

"అవును సార్."

"డ్యూటీ టైములోనా?"

దీనికి కాలేజీలో నాకు జవాబు నేర్పలేదు.

"సంస్థాగత దృక్కోణంలో ఆలోచించు. ఒకసారి నిలబడమన్నాక నిలబడాలి. వెళ్లి, తిరిగి, మళ్లీ వచ్చి నిలబడతానంటే క్రమశిక్షణ ఏం కావాలి? మట్టి రెట్టింపు వెయ్యండి."

"రెట్టింపు వేస్తే గుజ్జు ముద్దలు కడుతుంది సార్. కాగితం పాడైపోతుంది."

"సర్క్యులర్‌లో కాగితం అనే మాట ఉందా?"

చూశాను. నిజమే, ఎక్కడా లేదు.

మట్టి రెట్టింపు వేశాం. రిటెన్షన్ తొంభై దాటింది. కింద కారే నీళ్లు తేటపడ్డాయి. పైన కాగితం మాత్రం ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా, వాన ముందు ఆకాశంలా తయారైంది. పరబ్రహ్మంగారు రోజూ వచ్చి వైరు కిందికి వంగి, ఒక గాజుగ్లాసులో నీళ్లు పట్టించుకుని, వెలుతురుకి ఎత్తి చూసి మురిసిపోయేవారు. ఆయన ఎప్పుడూ కిందికే వంగేవారు గనక పైన ఏం జరుగుతోందో ఆయన దృష్టికి రాలేదు.

మూడు రెట్లు వేశాం. నూకరాజుగారు తల పట్టుకున్నారు.

"ఏంటండీ బాబూ ఇదీ, పాలిరిగినట్టు ఇరిగిపోయింది! దీన్ని కాయితం అంటే ఎదురు బొంగులు ఏడుత్తాయండి."

"నంబరు ఎంతుంది?"

"తొంభై నాలుగండి."

"అయితే ఏడవనివ్వండి."

ఆ మాట అన్నాక నా గొంతు నాకే పరబ్రహ్మంగారి గొంతులా వినిపించింది. భయమేసి వెళ్లి టీ తాగాను.

పాఠ్యపుస్తకాల ప్రెస్ మేనేజర్ సుభద్రగారు ఫోన్ చేశారు. ఆవిడ పదిమంది మిషన్‌మెన్‌ని కనుసైగతో నడిపే మనిషి.

"ఏమ్మాయ్, మీరు పంపింది కాగితమా, దోమతెరా?"

"ఏమైందండీ?"

"మూడో తరగతి లెక్కల పుస్తకం వేశాం. ముందు పేజీలో కూడిక ఇచ్చాం. కన్నంలోంచి వెనకాల కాగితం మీదున్న జవాబు కనబడుతోంది. నమూనా కాపీ మా బంధువుల పిల్లాడికిస్తే, వాడికి లెక్కలంటే ఇంత ఇష్టమని మాకు తెలీదే అంటున్నారు వాళ్లింట్లో!"

నేను ఆ సంగతి పరబ్రహ్మంగారికి చెప్పాను. ఆయన డైరీ తీసి, "విద్యార్థికి అదనపు సౌకర్యం," అని రాసుకున్నారు.

"సార్, జూన్‌లో బడులు తెరుస్తారు. ఈ కాగితంతో పుస్తకాలు రావు."

"మార్చిలో మిషనే లేకపోతే జూన్‌లో అసలు కాగితమే రాదు. ముందు మార్చి దాటనీ తల్లీ." ఇది మాత్రం ఆయన గట్టి గొంతుతో అనలేదు.

తొంభై ఏడు దగ్గర నంబరు మొండికేసింది. ఇంకెంత మట్టి వేసినా కదల్లేదు. కాగితానికి బదులు రీలు మీదికి అట్టలు అట్టలుగా ఏదో వచ్చేది. తొంభై ఏడుకీ నూరుకీ మధ్య ఉన్న ఆ కాస్త దూరాన్నీ మా మిల్లు మొత్తం కూర్చుని చూస్తూ ఉండిపోయాం. సరిగ్గా అప్పుడే హెడ్డాఫీసు నుంచి నిలుపుదల పర్యవేక్షణ ప్రత్యేకాధికారి మహీధర్‌గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది.

ఆయన కారు గేటు దాటుతుండగా గుజ్జు పంపు కాలిపోయింది.

వైరు ఎండిపోతే పాడవుతుందని నూకరాజుగారు గబగబా మంచినీళ్ల వాల్వు తిప్పేశారు. హెడ్‌బాక్స్‌లోంచి పులుసుకి బదులు ఉత్త నీళ్లు దూకాయి. వైరు మీద పడ్డాయి, కిందికి కారిపోయాయి. పైన గుజ్జు లేదు, సుద్ద లేదు, నలుసు లేదు. రీలు దగ్గర ఖాళీ గొట్టం గిరగిరా తిరుగుతోంది. నేను పరుగెత్తుకుంటూ కంట్రోల్ రూమ్‌కి వెళ్లేసరికి స్క్రీను మీద ఆకుపచ్చ అక్షరాలు మెరుస్తున్నాయి.

రిటెన్షన్: 100.00

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నిలిచినదాన్ని వచ్చినదానితో భాగిస్తే రిటెన్షన్. ఇప్పుడు వచ్చింది సున్నా, నిలిచింది సున్నా. సున్నాని సున్నాతో భాగించమంటే ఏ కంప్యూటరైనా చేతులెత్తేస్తుంది. మా స్క్రీను తయారుచేసిన కాంట్రాక్టు కంపెనీవాళ్లకి చేతులెత్తేసే స్క్రీనంటే బిల్లు పాసవదని భయం. అందుకని "కిందికి పోయింది సున్నా అయితే నూరు చూపించు" అని ప్రోగ్రాం రాసేసి వెళ్లిపోయారు.

మహీధర్‌గారు, పరబ్రహ్మంగారు స్క్రీను ముందు నిలబడ్డారు. పరబ్రహ్మంగారి కళ్లు చెమర్చాయి.

"నూరు," అన్నారు మహీధర్‌గారు, దేవుడి పేరు పలికినట్టు. "బ్యాక్‌వాటర్ నమూనా తెప్పించండి."

వైరు కింద నీళ్లు గ్లాసులో పట్టి తెచ్చారు. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. గ్లాసు వెనకనుంచి నా ముఖం చూశారు. ఆ తర్వాత గటగటా తాగేశారు.

"తియ్యగా ఉన్నాయి."

"సార్," అన్నాను నేను ముందుకొచ్చి, "ఒక్క మాట. అందులో గుజ్జే లేదు."

"అదే కదమ్మా మనకి కావలసింది."

"అది కాదు సార్. కిందా లేదు, పైనా లేదు. పంపు కాలిపోయింది. మిషన్ మీద ఉత్త నీళ్లు తిరుగుతున్నాయి. కాగితం రావట్లేదు."

మహీధర్‌గారు పరబ్రహ్మంగారి వైపు తిరిగారు. "ఈ అమ్మాయి?"

"ప్రొబేషన్‌లో ఉందండి."

"చూడమ్మా. సాంకేతిక వివరాల్లోకి వెళ్లడం మొదలుపెడితే అంతుండదు. నష్టం ఎంత?"

"సున్నా సార్."

"స్క్రీనేమంటోంది?"

"నూరు సార్."

"ఇవి రెండూ నీ నోటితోనే చెప్పావు. ఇంకేం కావాలి?"

నాలుగో రోజుకి ఉత్తర్వు వచ్చింది. "రెండవ నంబరు యంత్రము సంపూర్ణ నిలుపుదల సాధించినందున మూసివేత జాబితా నుండి తొలగించడమైనది. యంత్రమును యథాస్థితిలో నడుపవలెను. కలుషిత పదార్థములు ప్రవేశపెట్టరాదు." కలుషిత పదార్థమంటే ఏమిటో కింద చిన్న అక్షరాల్లో వివరించారు: గుజ్జు.

మిల్లులో మిఠాయిలు పంచారు. మా వాళ్లందరూ ఒకర్నొకరు వాటేసుకున్నారు. పని ఉంటుంది, జీతం ఉంటుంది, మిషన్ ఉంటుంది. కాగితం సంగతి ఆ సంబరంలో అడిగేవాళ్లు లేరు.

మూడు షిఫ్టులూ నీళ్లు తిప్పాం. కొన్నాళ్లకి అలవాటైపోయింది. ఉత్పత్తి నివేదికలో "రకం" అన్నచోట పరబ్రహ్మంగారు "అతి తేలిక" అని రాయించారు. నాణ్యత పరీక్షలు మామూలుగానే చెయ్యాలని నిబంధన ఉంది గనక నేను చేశాను. మచ్చలు: లేవు. కన్నాలు: లేవు. ముడతలు: లేవు. అంచులు చిరగడం: లేదు. మా మిల్లు చరిత్రలో అన్ని పరీక్షలూ ఒకేసారి పాసైన కాగితం ఇదొక్కటే. తెల్లదనం దగ్గర మీటర్ ఏమీ చూపించకపోతే "కొలతకందనిది" అని రాశాను. హెడ్డాఫీసు నుంచి అభినందన వచ్చింది.

నూకరాజుగారు ఖాళీ గొట్టం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

"ఏం చేస్తున్నారండీ?"

"కాయితం తెగిపోద్దేమోనని సూత్తన్నానండి."

"తెగిందా?"

"లేదండి. మా గొప్పగా నడుత్తంది. మా ఆవిడ రోజూ అడుగుతాది, ఇయ్యేళ ఎన్ని టన్నులు తీసారని. పదోతరగతి పెయిలైననాడు కూడా ఇంత సిగ్గు పడలేదండి నేను."

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. కానీ ఆయన చెయ్యి అలవాటుగా గొట్టం దాకా వెళ్లి, చింపడానికేమీ లేక వెనక్కి రావడం చూశాను.

సుభద్రగారి ఆర్డరు ప్రకారం లారీ పంపాల్సిన రోజొచ్చింది. అతి తేలిక రకం ఎంత కావాలంటే అంత సిద్ధంగా ఉంది గనక లారీ పంపేశారు. సాయంత్రం ఆవిడ ఫోన్.

"అమ్మాయ్, మీ లారీ ఖాళీగా వచ్చింది."

"ఖాళీగా కాదండి. అతి తేలిక రకం."

"డ్రైవర్ తాళ్లు కట్టి, టార్పాలిన్ కప్పి మరీ తెచ్చాడు! మా వాళ్లు ఎనిమిదిమంది దింపడానికి వెళ్లి, లారీ అంతా వెతికి, ఏడుపు ముఖాలతో వచ్చారు. జూన్‌లో పిల్లలకి నేనేం ఇవ్వను? నీళ్లిచ్చి చదువుకోమననా?"

"ఇంకెవరి దగ్గరైనా తీసుకోకూడదాండీ?"

"మీ కార్పొరేషన్ కాగితమే కొనాలని రూలు. మీ దగ్గర కాగితం లేదు. చెప్పు మరి."

ఆవిడ అరవలేదు. సుభద్రగారు అరవకపోతేనే నాకు భయం.

మర్నాడు నేను పరబ్రహ్మంగారి గదికి వెళ్లి, గుజ్జు వెయ్యనివ్వమని బతిమాలాను. గుజ్జు వేస్తే రిటెన్షన్ ఎనభై రెండు, ఎనభై రెండు చూపిస్తే మిషన్ మూత. ఆయన ఉత్తర్వు తీసి నా ముందు పెట్టి, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు. "నాకు మాత్రం ఇష్టమా?" అన్నారు. "కానీ ఏమని రాయమంటావు హెడ్డాఫీసుకి? కాగితం తయారు చేసుకుంటామని రాస్తే, మిల్లువాళ్లకి అదేం కోరికని అడుగుతారు."

అక్కడే నాకు వెలిగింది. వాళ్లకి మా భాష రాదు. మాకు వాళ్ల భాష వచ్చు కదా.

సీటు దగ్గరికొచ్చి ప్రతిపాదన రాశాను. "సాధించిన నూరు శాతం నిలుపుదల ఎంతవరకు దృఢమైనదో నిర్ధారించు నిమిత్తము, యంత్రమును ప్రతికూల పరిస్థితులకు గురిచేసి పరీక్షించుట ఆవశ్యకము. ప్రతికూల పరిస్థితి అనగా గుజ్జు. యంత్రము ప్రతి దినము ఉదయము ఒక గంట నీటిపై నడిచి రికార్డు నమోదు చేయును. మిగిలిన సమయమంతయు ప్రతికూల పరీక్షకు కేటాయింపబడును. పరీక్షాఫలితములు రికార్డులో లెక్కింపబడవు. పరీక్ష సందర్భమున ఏర్పడు వ్యర్థము నిబంధనల మేరకు బయటకు తరలించబడును."

మహీధర్‌గారు ఫోన్ చేశారు.

"ప్రతికూల పరీక్ష అన్నావు. ఆ పరీక్ష ఒక గంట తగ్గించొచ్చు కదా? ఇంత కఠినంగా ఎందుకు?"

"నూరు మీద మనకి నమ్మకముంటే కష్టాలకి భయపడకూడదు కదా సార్."

"శభాష్. ఇలాంటి దృక్పథం కావాలి మన యువతకి," అని ఫోన్ పెట్టేశారు. ఆమోదం అదే సాయంత్రం వచ్చింది. కింద ఆయన చేతిరాతతో ఒక సూచన కూడా ఉంది: పరీక్ష మరింత తీవ్రంగా ఉండటానికి గుజ్జు నాణ్యమైనది వాడవలెను.

పంపు బాగు చేయించాం. మట్టి చిటికెడుకి తగ్గించాం. పొద్దున్నే ఒక గంట స్క్రీను పచ్చగా నూరు చూపించాక, నూకరాజుగారు "ఇంక కష్టాలు మొదలెడదాం రండర్రా!" అని కేకేసి గుజ్జు వాల్వు తిప్పేవారు. ఆ కష్టాలు ఎంత బాగుండేవో చెప్పలేను. ప్రతికూల పరిస్థితి మెత్తగా, తెల్లగా, ఒక్క కన్నం లేకుండా రీలుకి చుట్టుకునేది. షిఫ్టు మారినవాళ్లు కూడా ఇళ్లకి వెళ్లకుండా చూస్తూ నిలబడేవాళ్లు.

రీళ్ల మీద "పరీక్షా వ్యర్థం" అని ముద్ర కొట్టాం. కాగితమైతే బయటికి పంపడానికి హెడ్డాఫీసు అనుమతి కావాలి. చెత్తకి అక్కర్లేదు. సుభద్రగారికి ఫోన్ చేశాను.

"చెత్త కొంటారాండీ?"

"ఏం చెత్త?"

"రెండో నంబరు మిషన్ చెత్త. మా కార్పొరేషన్ చెత్తే. రూలుకి సరిపోతుంది."

లారీ అందాక ఆవిడ మళ్లీ చేశారు. వెనకాల ప్రెస్సు గడగడా నడుస్తున్న చప్పుడు. ఆ చప్పుడులో అరుస్తున్నారు, పట్టలేని ఆనందంతో. "ఏమ్మాయ్! ఇంత మంచి చెత్త పెట్టుకుని ఇన్నాళ్లూ మాకు కాగితం అంటగట్టారేం? మూడో తరగతి లెక్కలు అయిపోయాయి. జవాబులేం కనబడట్లేదు, పిల్లలు చచ్చినట్టు కూడుకోవాల్సిందే! రేపు ఇంకో నాలుగు లారీల చెత్త పంపు!"

మార్చి నెల వచ్చింది. రెండో నంబరు మిషన్‌కి సంపూర్ణ నిలుపుదల పురస్కారం ప్రకటించారు. చైర్మన్‌గారు స్వయంగా వచ్చి బ్యాక్‌వాటర్ తాగి సభ ప్రారంభిస్తారట. మిల్లు గోడలకి రంగులేశారు. గ్లాసులు కొన్నారు.

ఒక మధ్యాహ్నం పరబ్రహ్మంగారు మా కంట్రోల్ రూమ్‌కి వచ్చారు. ఎప్పుడూ కబురు పెట్టే మనిషి, తనే వచ్చారు. తలుపు దగ్గరగా వేశారు.

"సభకి ఆహ్వాన పత్రికలు వెయ్యాలమ్మా. చైర్మన్‌గారి ఫోటో కూడా ఉంటుంది. మంచి కాగితం కావాలి."

"మన మిషన్‌లో కాగితం రాదు కదా సార్. అతి తేలిక రకం ఉంది, దాని మీద వేయిద్దామా?"

"ఎగతాళి చెయ్యకు."

"బయట కొనండి మరి."

"కాగితం మిల్లు బయట కాగితం కొందని ఆడిట్‌వాళ్లకి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది." ఆయన కుర్చీలో కూర్చుని, బల్లమీద ఉన్న ఆ రోజు రీలు ముక్కని తీసుకున్నారు. నిన్న మొన్నటిదాకా నీళ్లకేసి తప్ప చూడని మనిషి. అంచు నుంచి అంచుదాకా మెల్లిగా వేలితో రాశారు. తిరగేసి మళ్లీ రాశారు. కిటికీ అవతల సుభద్రగారి లారీల్లోకి రీళ్లు ఎక్కుతున్నాయి. నూకరాజుగారు "మెల్లిగండర్రా, అది సెత్త! ఎక్కడా నొక్కు పడకూడదు!" అని అరుస్తున్నారు.

పరబ్రహ్మంగారు లారీలు గేటు దాటేదాకా చూశారు.

"ఆహ్వానాలకి రెండు రీముల చెత్త పక్కనపెట్టు," అన్నారు.

"అలాగే సార్."

లేచి తలుపు దాకా వెళ్లి, బయట ఎవరూ లేరని చూసుకుని, వెనక్కి తిరిగారు. ఆ గట్టి గొంతు ఎక్కడ దాచారో తెలీదు.

"ఏం రాయాలో రాయి, ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను. ఈ చెత్త మాత్రం తగ్గనివ్వకమ్మా."